వెట్‌సూట్ కొనమనే ముందు నీళ్ల లెక్క చెప్పండి

భారత ట్రయాథ్లాన్ సమాఖ్యకు, దేశంలో ట్రయాథ్లాన్ పోటీలు జరుపుతున్న నిర్వాహకులకు, మన ఊళ్లలో శిక్షణ ఇస్తున్న కోచ్‌లకు,



ట్రయాథ్లాన్‌కు కొత్తగా వచ్చే తెలుగువాళ్లను గమనిస్తే ఒక సంగతి కనిపిస్తుంది. పరుగు చాలామందికి ముందే అలవాటు. సైకిల్ చిన్నప్పటి విద్య. ఈత మాత్రం ముప్పై దాటాక ఏ అపార్ట్‌మెంట్ పూల్‌లోనో, గట్టు మీద నుంచి కోచ్ కేకలేస్తుంటే నేర్చుకున్నది. అందుకే పోటీకి పేరిచ్చిన రోజు నుంచీ వాళ్ల భయమంతా నీళ్ల చుట్టూనే తిరుగుతుంది. ఆ భయంలోంచి పుట్టే మొదటి ప్రశ్న ఒక్కటే: వెట్‌సూట్, అంటే ఒంటికి అతుక్కునే రబ్బరు ఈత దుస్తు, కొనాలా?

జవాబు చెప్పేవాళ్లకు కొదవలేదు. కాలిఫోర్నియాలో ఉన్న బావమరిది కొనమంటాడు, ఎందుకంటే అతను ఈదే నీళ్లు గడ్డకట్టించేవి. గోవాలో పోటీ పూర్తి చేసిన స్నేహితుడు అక్కర్లేదంటాడు, ఎందుకంటే అతను ఈదినవి గోరువెచ్చటి నీళ్లు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఎవరి నీళ్లకు వాళ్ల జవాబు సరిపోతుంది. అడిగిన మనిషి ఏ నీళ్లలో దిగబోతున్నాడో, ఆ రోజు అవి ఎన్ని డిగ్రీలుంటాయో చెప్పగలిగింది మాత్రం మీరే. ఈ లేఖ అందుకే.

ముందు నిబంధనల సంగతి. ప్రపంచ ట్రయాథ్లాన్ సమాఖ్య ఏజ్ గ్రూప్ క్రీడాకారులకు, అంటే వయసువారీగా పోటీపడే ఔత్సాహికులకు, గీసిన గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఈత 1,500 మీటర్లు, అంతకు తక్కువ అయితే నీళ్లు 22 డిగ్రీలకు చేరగానే వెట్‌సూట్ నిషేధం. అంతకంటే ఎక్కువ దూరమైతే ఆ గీత 24.6 డిగ్రీల దగ్గర ఉంటుంది. 15.9 డిగ్రీలు, అంతకు తగ్గితే రెండింటిలోనూ తప్పనిసరి. ఐరన్‌మ్యాన్ అనే సుదూర ట్రయాథ్లాన్ పోటీల్లో 24.5 డిగ్రీల వరకు ఎవరైనా వేసుకోవచ్చు. 24.6 నుంచి 28.8 వరకు వేసుకుంటే ఈదనిస్తారు గానీ బహుమతులకు, ప్రపంచ చాంపియన్‌షిప్ అర్హతకు లెక్కలోకి తీసుకోరు. 28.8 దాటితే ఎవరూ వేసుకోకూడదు. అంటే 23 డిగ్రీల నీళ్లలో 1,900 మీటర్లు ఈదేవాళ్లకు చెల్లిన సూట్, అవే నీళ్లలో 1,500 మీటర్ల పోటీకి చెల్లదు. కొత్తవాళ్లలో ఎంతమందికి ఈ తేడా తెలుసు? మన కోచ్‌లలో ఎంతమంది మొదటి క్లాసులోనే ఇది చెప్తున్నారు?

ఈ గీతల పక్కన మన నీళ్లను పెట్టి చూస్తే చాలా సందేహాలు అక్కడే తీరిపోతాయి. 2019 అక్టోబరులో గోవా మిరామార్ తీరంలో దేశంలోనే తొలి ఐరన్‌మ్యాన్ 70.3 (సగం దూరపు ఐరన్‌మ్యాన్) జరిగింది. వానాకాలం వెళ్లాక అక్కడి సముద్రం 29 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ వెట్‌సూట్ ప్రసక్తే రాదు. విశాఖ తీరంలో జనవరి చలిలో కూడా నీళ్లు సాధారణంగా 25 డిగ్రీల పైనే ఉంటాయి, వేసవికి 29, 30 తాకుతాయి. పూల్‌లో ఈత పెట్టే పోటీల సంగతి చెప్పనే అక్కర్లేదు. మలేసియాలోని లంకావి ఐరన్‌మ్యాన్ కూడా వెచ్చటి సముద్రంలోనే. ఈ పోటీలకే పరిమితమయ్యే మనిషికి వెట్‌సూట్ కొనిపించడమంటే అతని డబ్బు బీరువాలో పెట్టి తాళం వేయించడమే. ఆ డబ్బుతో ఒక మంచి కోచ్ దగ్గర కొన్ని నెలలు నేర్చుకోవచ్చు, ఒంటికి పట్టే ట్రైసూట్, మసకబారని కళ్లద్దాలు కొనుక్కోవచ్చు.

దేశం దాటితే లెక్క మారుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బసెల్టన్‌లో డిసెంబరులో జరిగే పోటీకి మనవాళ్లు ఇష్టంగా వెళ్తారు. 1.8 కిలోమీటర్ల పొడవైన చెక్క జెట్టీని చుట్టి రావడం ఈదేవాళ్లకు గొప్ప అనుభవం. అక్కడ దాదాపు అందరి ఒంటి మీదా నల్లటి సూటే కనిపిస్తుంది. న్యూజిలాండ్‌లోని టౌపో సరస్సులోనూ అంతే. దుబాయ్‌లో ఎండలే తప్ప చలి లేదనుకునేవాళ్లు ఫిబ్రవరిలో సముద్రంలో కాలు పెడితే ఉలిక్కిపడతారు, ఆ రోజుల్లో నీళ్లు 22 డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో అల్కాట్రాజ్ దీవి దగ్గర పడవ మీది నుంచి దూకి ఒడ్డుకు ఈదే పోటీ 1981 నుంచి నడుస్తోంది. జూన్‌లో కూడా ఆ నీళ్లు 13 డిగ్రీల అటూఇటూ. బే ఏరియాలో ఉండే తెలుగు ఇంజనీరు దానికి పేరిస్తే ఇక చర్చకు తావు లేదు, మంచి సూట్ చూసుకోవాల్సిందే.

వీటన్నిటి కంటే తికమక పెట్టేది టెక్సస్. హ్యూస్టన్ పక్కనున్న ది వుడ్‌లాండ్స్‌లో ఏప్రిల్ చివర జరిగే ఐరన్‌మ్యాన్‌లో సరస్సు నీళ్లు సరిగ్గా ఆ 24.5 గీత మీదే ఊగిసలాడతాయి. వారం రోజులు మబ్బు పడితే సూట్ చెల్లుతుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే చెల్లదు. హ్యూస్టన్‌లో తెలుగువాళ్ల సంఖ్య తెలిసిందే కదా, వాళ్లలో ఈ పోటీకి సిద్ధమయ్యేవాళ్లకు అసలు సలహా ఏమిటంటే: సూట్ లేకుండా మొత్తం దూరం ఈదగలిగే స్థితికి వచ్చాకే సూట్ గురించి ఆలోచించాలి. పోటీ రోజు ఉదయం నిర్వాహకులు నిషేధం ప్రకటించినా మనసు చెదరకూడదు.

వెట్‌సూట్ ఒంటికి చేసే మేలు ఏమిటో కూడా కొత్తవాళ్లకు విడమరచి చెప్పాలి. దాని గుడ్డ పేరు నియోప్రీన్. 1930ల ఆరంభంలో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ తయారుచేసిన కృత్రిమ రబ్బరు. 1950ల మొదట్లో బర్క్‌లీలోని భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ దీంతో ఈతగాళ్ల ఒంటిని వెచ్చగా ఉంచవచ్చని కనిపెట్టాడు. గాలితో పోలిస్తే నీళ్లు ఒంటి వేడిని పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి. నియోప్రీన్‌లో మూసుకుపోయిన చిన్న చిన్న గాలి బుడగలుంటాయి. వేడి బయటికి పోకుండా ఆపేది ముఖ్యంగా అవే. లోపలికి చేరే పలచటి నీటి పొర వల్లే వెచ్చదనం అని చాలామంది అనుకుంటారు గానీ ఆ నీళ్లు ఎంత తక్కువ చేరితే అంత మంచిది.

ఆ బుడగలే మనిషిని పైకి తేలుస్తాయి కూడా. ట్రయాథ్లాన్ ఈతగాళ్లను ఆకట్టుకున్నది ఈ రెండో గుణమే. 1987లో డాన్ ఎంప్‌ఫీల్డ్ అనే అమెరికన్ క్వింటానా రూ సంస్థను పెట్టి, సముద్ర అలల మీద ఆడేవాళ్ల సూట్‌కు భిన్నంగా, ట్రయాథ్లాన్ ఈత కోసమే సూట్ కుట్టించాడు. భుజాల దగ్గర పలచగా, తొడలు, నడుము దగ్గర మందంగా ఉండే ఇప్పటి సూట్లన్నీ ఆ దారిలో వచ్చినవే. మందం 5 మిల్లీమీటర్లు దాటకూడదని నిబంధన. తొడల కింద ఆ మందం చేరగానే మునిగిపోయే కాళ్లు పైకి లేస్తాయి, ఒళ్లు నీటి మట్టానికి సమంగా పడుకుంటుంది, నీటి నిరోధం తగ్గుతుంది. 1989లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిచి చూస్తే సెకనుకు 1.25 మీటర్ల వేగం దగ్గర నిరోధం 14 శాతం తగ్గింది. అది 100 మీటర్లను 80 సెకన్లలో ఈదేవాళ్ల వేగం, మన కొత్తవాళ్ల వేగం కాదు.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. ఫ్రెంచ్ పరిశోధకులు 1995లో ప్రచురించిన అధ్యయనంలో ట్రయాథ్లెట్లు సూట్‌తో బాగా మెరుగుపడ్డారు, చిన్నప్పటి నుంచి పోటీల్లో ఈదినవాళ్లకు మాత్రం చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. వాళ్ల కాళ్లు ఎలాగూ పైనే ఉంటాయి కాబట్టి సూట్ కొత్తగా లేపేదేమీ లేదు. శిష్యుడికి ఎంత లాభం ఉంటుందో కోచ్‌కు పూల్‌లోనే తెలిసిపోతుంది. కాళ్ల మధ్య పుల్ బోయ్ అనే తేలే నురగ ముక్క పెట్టుకోగానే వేగం పెరిగే మనిషికి సూట్‌తోనూ పెరుగుతుంది. అయితే ఆ పెరుగుదల అతని లోపం ఎక్కడుందో కూడా చూపిస్తోంది. నడుము గట్టిపడితే, తల కిందికి దించి ఈదడం వస్తే ఆ లాభంలో కొంత ఏ ఖర్చూ లేకుండానే వస్తుంది.

కటాఫ్ భయంతో సూట్ కొనేవాళ్లు మరికొందరు. 70.3 పోటీలో ఈతకు ఇచ్చే సమయం 70 నిమిషాలు, దూరం 1,900 మీటర్లు. అంటే 100 మీటర్లకు 3 నిమిషాల 41 సెకన్లు తీసుకున్నా ఒడ్డుకు చేరవచ్చు. సూట్ వల్ల 100 మీటర్లకు 5 సెకన్లు కలిసొచ్చాయనుకున్నా మొత్తం మీద మిగిలేది ఒకటిన్నర నిమిషం. ఈత నుంచి సైకిల్‌కు మారే ట్రాన్సిషన్‌లో సూట్ విప్పడానికి తడబడితే అందులో సగం అక్కడే పోతుంది. చల్లటి నీళ్లు లేని పోటీలో సమయం కోసం సూట్ కొనడం ఈ అంకెల ముందు నిలబడదు. ఈ చిన్న భాగాహారం చేసి చూపిస్తే ఎంతో ఆందోళన తగ్గుతుంది. ఎవరూ చేసి చూపించడం లేదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన మాట భద్రత గురించి. వెట్‌సూట్ తేలుస్తుంది కాబట్టి అది ప్రాణరక్షణ కవచం అనే నమ్మకం మనవాళ్లలో బలంగా పాతుకుపోయింది. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయాథ్లాన్ పోటీల్లో జరిగిన మరణాలను, గుండె ఆగిన ఘటనలను వైద్య పరిశోధకులు లెక్కగట్టారు. మొత్తం 135 ఘటనల్లో 90 ఈత భాగంలోనే. వీటికి కారణం వెట్‌సూట్ అని ఆ పరిశోధకులు తేల్చలేదు. కానీ ఈత అనేది ఈ ఆటలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన భాగమని, గుండె పరీక్ష, నీళ్లలో సాధన, పక్కన పడవలు అనే మూడింటి స్థానాన్ని రబ్బరు గుడ్డ తీసుకోలేదని ఆ లెక్క చెప్తోంది.

సరిపడని సూట్ భయాన్ని పెంచుతుంది కూడా. మెడ దగ్గర బిగుసుకుపోయే పట్టీ, ఛాతీని నొక్కే గుడ్డ, వాటికి తోడు చల్లటి నీళ్లు ముఖానికి తగలగానే ఎగిసే ఊపిరి. ఆ ఊపిరి మొదటి రెండు మూడు నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ సంగతి తెలియని మనిషి మాత్రం సూట్ తనను ఊపిరాడనివ్వడం లేదనుకుని, మెడ దగ్గర చేతులు పెట్టి లాక్కుంటూ, చుట్టూ వందమంది ఈదుతుండగా ఆగిపోతాడు. పోటీ రోజే మొదటిసారి సూట్ తొడిగినవాళ్లకు ఇది తరచూ జరిగేదే. చలి నీళ్లలో ఈదేవాళ్లలో కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరే సమస్య వస్తుంది, రక్తపోటు ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. బీపీ మాత్రలు వేసుకునే నడివయసు క్రీడాకారులు మన జట్లలో తక్కువేమీ లేరు. పేరు నమోదు ఫారంలో ఈ ప్రశ్న ఉండాలి, కోచ్ నోట ఈ మాట రావాలి.

వేడి నీళ్ల ముప్పు మనకు ఇంకా దగ్గరిది. 2010 అక్టోబరు 23న యూఏఈలోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల సముద్రపు ఈత పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ మరణించాడు. వయసు 26 ఏళ్లు, ప్రపంచ స్థాయి క్రీడాకారుడు. ఆ రోజు నీళ్లు చాలా వేడిగా ఉన్నాయి. ఆ తర్వాతే అంతర్జాతీయ ఈత సమాఖ్య నీటి ఉష్ణోగ్రతకు 31 డిగ్రీల గరిష్ఠ పరిమితి పెట్టింది. 30 డిగ్రీల నీళ్లలో మామూలు దుస్తులతో ఈదేవాళ్లకే ఒంటి వేడి బయటికి పోవడం కష్టం. అలాంటి నీళ్లలో సాధన పేరుతో వెట్‌సూట్ తొడిగి చాలాసేపు ఈదించడం ప్రమాదకరం. కొత్త సూట్ అలవాటు కావడానికని మే నెలలో తొడిగే ఉత్సాహవంతులను కోచ్‌లే ఆపాలి. సూట్ తొడిగి చూడటానికి మనకు దొరికే మంచి కాలం డిసెంబరు, జనవరి. హైదరాబాద్‌లో వేడిచేయని పూల్‌లు ఆ ఉదయాల్లో వణికిస్తాయి, అందుకే చాలామంది అటు వెళ్లరు. పూల్ యాజమాన్యంతో ముందుగా మాట్లాడి ఆ ఖాళీ గంటలను సూట్ సాధనకు వాడుకోవచ్చు, తర్వాత మంచినీళ్లతో కడిగితే క్లోరిన్ వల్ల పెద్ద నష్టం ఉండదు.

సూట్ లేకుండా సముద్రాన్ని ఈదినవాళ్లు మనకు కొత్త కాదు. 1958లో ఇంగ్లిష్ చానల్ ఈదిన తొలి భారతీయుడు మిహిర్ సేన్. ఆ చానల్ ఈత సంప్రదాయంలో ఈనాటికీ వెట్‌సూట్ తొడిగితే లెక్కలోకి రాదు, ఒక మామూలు ఈత దుస్తు, టోపీ, కళ్లద్దాలు మాత్రమే. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో, నలభై దాటిన వయసులో, పాక్ జలసంధిని దాటారు. ఆమె చిన్నప్పటి నుంచి ఈదినవారు కారు, ఆలస్యంగా నేర్చుకుని అంత దూరం వెళ్లారు. ముప్పై ఐదేళ్లకు ఈత మొదలుపెట్టి భయపడుతున్నవాళ్లకు ముందు చెప్పాల్సిన కథ ఇలాంటిది.

చల్లటి పోటీకి వెళ్లక తప్పనివాళ్లు కొనాలా, అద్దెకు తీసుకోవాలా? విదేశాల్లో మొదటి మెట్టు సూట్ రెండు వందల డాలర్ల అటూఇటూ దొరుకుతుంది, పై మెట్టు వేయి డాలర్ల దాకా పోతుంది. ఇక్కడికి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం అదనం. అసలు చిక్కు ధరతో కాదు, కొలతతో వస్తుంది. ఎత్తు, బరువు చూసి సైజు చెప్పే పట్టికలను ఆ కంపెనీలు ఎక్కువగా తమ దేశాల శరీరాలను బట్టి తయారుచేసుకున్నాయి. పొట్ట కొంచెం ఉండి కాళ్లు సన్నగా ఉండే మనిషికి పట్టిక చెప్పిన సైజు ఒకచోట బిగుతు, మరోచోట వదులు. నడుము వెనక నీళ్లు చేరే సూట్ బరువు తప్ప ఇంకేమీ ఇవ్వదు. మన ఊళ్లలో తొడిగి చూసి కొనే వీలు దాదాపు లేదు, నచ్చకపోతే తిప్పి పంపడం పెద్ద ప్రయాస. ఆడవాళ్లకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అందుకే ఒక్క చల్లటి పోటీకి వెళ్లేవాళ్లకు ఆ దేశంలోనే అద్దెకు తీసుకోవడం తెలివైన పని, రెండు మూడు రోజులు ముందే చేరి ఆ నీళ్లలోనే తొడిగి ఈదాలి. ఏటా అలాంటి పోటీలకు వెళ్లాలనుకునేవాళ్లకు, అమెరికా, యూరప్‌లలో ఉండి అక్కడే సాధన చేసేవాళ్లకు కొనడమే మేలు. భుజాలు పట్టేసినట్టు అనిపించేవాళ్లు చేతుల్లేని సూట్ కూడా చూడవచ్చు, కాళ్లను లేపే పని అదీ చేస్తుంది.

కొన్నాక దాన్ని కాపాడుకోవడమూ మన వాతావరణంలో తేలిక కాదు. ఎండలో ఆరేస్తే రబ్బరు పెళుసుబారుతుంది. మడిచి అటక మీద పడేస్తే ముడతల దగ్గర చిట్లుతుంది. గోళ్లతో లాగితే గీతపడి చిరుగుతుంది. కాళ్లకు సన్నటి ప్లాస్టిక్ కవర్ తొడిగి ఎక్కిస్తే సులువుగా జారుతుంది, మెడకు రాసుకునే లేపనం పెట్రోలియం లేనిదై ఉండాలి. లావాటి హ్యాంగర్‌కు నీడలో తగిలించాలి. ఏడాదికి ఒక్కసారి వాడే వస్తువు కోసం ఇదంతా చేయగలమా అని కొనబోయేవాళ్లు ముందే ఆలోచించుకుంటే మంచిది.

ఇక మీరు చేయాల్సినవి. పోటీకి పేర్లు తీసుకునే రోజునే, ఈత జరిగే చోట గడిచిన ఏళ్లలో పోటీ ఉదయం కొలిచిన నీటి ఉష్ణోగ్రతలను ప్రకటించండి. కొలిచే పద్ధతి నిబంధనల్లో ఉంది: పోటీకి గంట ముందు, 60 సెంటీమీటర్ల లోతున, ఈత దారి మధ్యలోనూ మరో రెండు చోట్లా కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెను అధికారికంగా తీసుకోవాలి. ఆ అంకెను అప్పుడే మైకులో చెప్పి మర్చిపోకుండా రాసిపెట్టండి. కొత్తచోట పోటీ పెడుతుంటే ముందు ఏడాది అదే వారంలో వెళ్లి కొలవండి.

సముద్రంలో పెట్టే పోటీలకైతే సమాచారం మన చేతికందే దూరంలోనే ఉంది. 1999లో హైదరాబాద్‌లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతలను, అలల అంచనాలను నిత్యం అందిస్తోంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పే సూచనలు తయారవడానికి ఆ ఉష్ణోగ్రతలు ఒక ఆధారం. తీరం పక్కన ఈదే చోట అంకె కాస్త తేడాగా ఉండవచ్చు, అందుకే మీ కొలత కూడా కావాలి. కానీ నెలల ముందు అంచనాకు ఇన్‌కాయిస్ అంకె చాలు. జాలరి పడవ ఎక్కేముందు చూసుకునే సమాచారాన్ని వేల రూపాయల రుసుము కట్టిన క్రీడాకారుడికి చేరవేయడం కష్టమేమీ కాదు.

సమాఖ్యకు మరో విన్నపం. చల్లటి దేశాల పోటీలకు వెళ్లేవాళ్ల కోసం రాష్ట్ర సంఘాల దగ్గర వేర్వేరు సైజుల్లో, ఆడవాళ్లకూ మగవాళ్లకూ, కొన్ని సూట్లు ఉంచి తక్కువ అద్దెకు ఇవ్వండి. హైదరాబాద్‌లో ఒకచోట, విశాఖలో ఒకచోట ఉన్నా చాలు. తొడిగి, ఈది, తనకు ఏ సైజు నప్పుతుందో తెలుసుకున్న మనిషి తర్వాత కొన్నా మోసపోడు. జిల్లాల నుంచి, తక్కువ ఆదాయంతో ఈ ఆటలోకి వచ్చే పిల్లలు అంతర్జాతీయ పోటీకి ఎంపికైనప్పుడు సూట్ కోసం అప్పు చేసే పరిస్థితి రాకూడదు.

కోచ్‌లకు: వచ్చే సీజన్ మొదటి క్లాసులో శిష్యులను వరుసగా నిలబెట్టి, ఎవరు ఏ పోటీకి వెళ్తున్నారో, అక్కడి నీళ్లు ఎన్ని డిగ్రీలో పలక మీద రాయించండి. పక్కన వాళ్లు సూట్ లేకుండా ఆగకుండా ఈదగల దూరం రాయించండి. ఆ రెండు అంకెలూ చూశాక కూడా కొనాలనిపించినవాళ్లకు, సైజు తీసుకోవడంలో మీరే దగ్గరుండి సాయం చేయండి.